రోజుకో తాళం, ఒకే చెవి

మొన్న ఆదివారం పొద్దున్న చెత్త సంచి గుమ్మం బయట పెడదామని వచ్చాను. వెనక బాల్కనీ తలుపు తెరిచే ఉంది. సముద్రపు గాలి ఒక్క విసురు విసిరింది, ముందు తలుపు ధడేలున మూసుకుపోయింది. తాళంచెవి లోపల, ఫోన్ లోపల. పొయ్యి మీద పాలు లేవు, అదొక్కటే అదృష్టం. వాచ్‌మన్ ఎవరికో ఫోన్ చేస్తే మా విశాఖలోని పూర్ణా మార్కెట్ వైపు నుంచి తాళంచెవులు చేసే అతను వచ్చాడు. తాళం పగలగొడతాడేమో అనుకున్నాను. "అక్కర్లేదమ్మా, కొత్త సెవి సేసీద్దాం" అన్నాడు.

సంచీలోంచి పళ్లు కొయ్యని ఇత్తడి చెవి ఒకటి తీసి తాళంలో దూర్చాడు. గట్టిగా అటూ ఇటూ తిప్పి, బయటికి లాగి, వెలుతురులో పట్టుకుని చూశాడు. లోపలి పిన్నులు ఒత్తుకున్నచోట సన్నటి గుర్తులు పడ్డాయి. ఆ గుర్తుల దగ్గర ఆకురాయితో రెండుసార్లు రాసి మళ్లీ దూర్చాడు. తీశాడు, చూశాడు, రాశాడు. ఇలా ఎన్నిసార్లో.

పోర్టులో పనిచేసి రిటైరైన మా ఎదురింటి బాబాయిగారు రెండు కుర్చీలు తెచ్చి వరండాలో వేశారు. కాలక్షేపానికన్నట్టు మొదలుపెట్టారు. "అమ్మా, నువ్వు కాలేజీలో జువాలజీ చెప్తావు కదా. హెచ్‌ఐవీ ఏ రకమైనా సరే పట్టేసుకునే యాంటీబాడీలు కొంతమంది రోగులకి వాటంతటవే పుడతాయట, పేపర్లో చదివాను. పుట్టినవాళ్లకి జబ్బు పోవాలి కదా? పోదట. పోనీ అవి తీసి మనకి ఎక్కించేస్తే అయిపోతుంది కదా? అదీ అంత తేలిక కాదట. ఇదేం లెక్క?"

మంచి ప్రశ్న. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నా ఇంత సూటిగా ఏ పిల్లవాడూ అడగలేదు. జవాబు కూడా అక్కడే, మా తలుపు ముందు గొంతుకూర్చుని ఆకురాయి రాస్తోంది.

ముందు ఆ పళ్లు కొయ్యని చెవుల సంగతి. యాంటీబాడీలంటే క్రిమిని పట్టుకుని ఆపే ప్రొటీన్లు. మన ఒంట్లో వాటిని తయారుచేసేవి బీ కణాలు. ఒక్కో బీ కణం ఒక్క ఆకారం యాంటీబాడీనే చేస్తుంది. లోకంలో క్రిములు లెక్కలేనన్ని. మన దగ్గర ఉన్న జన్యువులు చూస్తే సుమారు ఇరవై వేలు. క్రిమికొక జన్యువు దాచుకోవడం జరిగే పని కాదు. మరి ఇన్ని ఆకారాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్నది చాలాకాలం తేలలేదు. 1970లలో సుసుము టోనెగావా అనే జపాన్ శాస్త్రవేత్త ఈ ముడి విప్పాడు, 1987లో నోబెల్ అందుకున్నాడు. యాంటీబాడీలో క్రిమిని పట్టుకునే కొసకు సంబంధించిన జన్యువు ఒకే తాడులా ఉండదు, ముక్కలుగా ఉంటుంది. మూడు గుట్టలుగా పోసిన ముక్కలనుకోండి. ఎముక మూలుగలో బీ కణం పుట్టేటప్పుడు ఒక్కో గుట్టలోంచి ఒక్కో ముక్క ఏరి అతికించుకుంటుంది. అతుకుల దగ్గర కొన్ని అక్షరాలు చేరతాయి, కొన్ని రాలిపోతాయి. అలా కోట్ల రకాల నాటు చెవులు ఏ తాళాన్నీ చూడకముందే ఒంట్లో తిరుగుతూ ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి వచ్చిన క్రిమికి కాస్త వదులుగానైనా తగులుతుంది.

వదులుగా తగలడం చాలదు. దాన్ని సానపట్టే చోటు వేరే ఉంది. చిన్నప్పుడు కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కట్టేది, అమ్మమ్మ పసుపు రాసేది. ఆ బిళ్లే లింఫ్ గ్రంథి. అది వాచిందంటే లోపల కార్ఖానా నడుస్తోందని అర్థం. క్రిమి తగిలిన బీ కణాలు అక్కడ గుంపు కట్టి గబగబా రెట్టింపవుతాయి. ఆ గుంపును జర్మినల్ సెంటర్ అంటారు. రెట్టింపయ్యేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. ఏఐడీ అనే ఎంజైమ్ పనిగట్టుకుని యాంటీబాడీ జన్యువులో తప్పులు రాస్తుంది. ఒంట్లో మిగతా డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు పడే తప్పులకంటే ఇవి సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ. తప్పుల వల్ల చాలా కణాలు పాడవుతాయి. కొన్నింటికి మాత్రం క్రిమి మీద పట్టు ముందుకంటే బిగుస్తుంది. అలా బిగిసిన కణాలు క్రిమి ముక్కలను ఎక్కువగా లాక్కుని, పక్కనున్న సహాయక టీ కణాలకు చూపిస్తాయి. టీ కణం "సరే, బతుకు" అంటే ఆ బీ కణం మళ్లీ రెట్టింపవుతుంది, మళ్లీ తప్పులు పడతాయి. సాయం దొరకనిది అక్కడే చస్తుంది.

ఇక్కడ మా తాళాలతనితో పోలిక కాస్త తప్పుతుంది, అది కూడా చెప్పాలి. అతను గుర్తు చూసి, అక్కడే రాస్తాడు. బీ కణానికి కళ్లు లేవు. వేలమంది గుడ్డివాళ్లు వేల చెవులను ఇష్టమొచ్చినచోట రాసి, తాళంలో తిరిగిన చెవిని మాత్రం ఉంచి, మిగతావి పారేస్తే ఎలా ఉంటుందో అలాంటిది. వృథా ఎక్కువ, కానీ పని అవుతుంది. తట్టుకో, మశూచికో అయితే కొద్ది వారాల్లో అయిపోతుంది కూడా. తట్టు వైరస్ తాళం మార్చదు. చిన్నప్పుడు చేసిన చెవి ముసలితనంలోనూ పనిచేస్తుంది.

హెచ్‌ఐవీ దగ్గర కథ వేరు. మొదట ఆ తాళం ఎలా ఉంటుందో చూడాలి. వైరస్ పైన మేకుల్లాంటి ప్రొటీన్లు పొడుచుకుని ఉంటాయి. పైన సీడీ4 అనే ప్రొటీన్ ఉండే మన సహాయక టీ కణాన్ని పట్టుకుని లోపలికి దూరేది వీటితోనే, యాంటీబాడీకి అందే పిడి కూడా ఇదొక్కటే. ఫ్లూ వైరస్ మీద ఇలాంటివి వందల్లో ఉంటాయి. హెచ్‌ఐవీ మీద సగటున పద్నాలుగో ఎన్నో, అవి కూడా దూరదూరంగా. యాంటీబాడీ ఆకారం తెలుసు కదా, రెండు చేతులున్న వై అక్షరం. మామూలుగా రెండు చేతులతో రెండు మేకులు పట్టుకుని వేలాడుతుంది కాబట్టే అంత పట్టు. ఇక్కడ రెండో చేతికి మేకు అందదు.

ఆ మేకు ఒళ్లంతా చక్కెర పూత. పై భాగమైన జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెరలే. ఆ చక్కెరలు వైరస్‌వి కావు, మన కణాల్లో తయారైనవి, మన సొంతవాటి మీద ఉండేలాంటివే. ఇంట్లోవాళ్ల దుప్పటి కప్పుకుని వచ్చిన దొంగని కుక్క మొరగకుండా వదిలేసినట్టు, రోగనిరోధక వ్యవస్థ ఆ పూతను చూసి పోనిస్తుంది. పూత సందుల్లో బయటపడే చోట్లేమో ఉచ్చులు. వైరస్‌కు పెద్దగా అవసరం లేని వదులు ఉంగరాలు అక్కడ ఊగుతూ ఉంటాయి, బీ కణాలు ఆశగా వాటినే పట్టుకుంటాయి, వైరస్ వాటిని ఇట్టే మార్చేసుకుంటుంది. విరిగిపోయిన మేకులు, ఊడిన ముక్కలు కూడా చుట్టూ తిరుగుతుంటాయి. వాటికి పుట్టిన యాంటీబాడీలు నిఖార్సైన మేకును ముట్టుకోను కూడా ముట్టుకోలేవు.

మార్చుకోవడం ఎంత వేగంగా అంటే, మందులు వాడని మనిషి ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి. వైరస్ జన్యు గ్రంథం మొత్తం దాదాపు 9,700 అక్షరాలు. దాన్ని కాపీ చేసే ఎంజైమ్‌కు తప్పు దిద్దుకునే అలవాటు లేదు. లెక్కేస్తే, ఒక్క అక్షరం మారడం వల్ల వచ్చే ప్రతి రూపమూ ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటుంది. ప్రపంచమంతా ఒక సీజన్‌లో తిరిగే ఫ్లూ వైరస్‌లలో ఎంత తేడా ఉంటుందో, కొన్నేళ్లుగా హెచ్‌ఐవీ ఉన్న ఒక్క మనిషి లోపల దాదాపు అంత తేడా కనిపిస్తుంది. పైగా ఈ వైరస్ చంపేది సీడీ4 టీ కణాలను. అంటే బిళ్ల లోపల కూర్చుని ఏ చెవి బాగుందో తీర్పు చెప్పేవాళ్లనే.

"అంటే తాళాలతను పని చేస్తుండగా ఇంటాయన తాళం మార్చేస్తున్నాడన్నమాట," అన్నారు బాబాయిగారు. అంతే. వైరస్ సోకిన కొన్ని నెలలకు దాదాపు ప్రతి మనిషిలోనూ వైరస్‌ను ఆపే యాంటీబాడీలు పుడతాయి, బాగానే పనిచేస్తాయి కూడా. కాకపోతే ఆర్నెల్ల క్రితం వైరస్ మీద. మనిషి దగ్గర ఈరోజు తీసిన రక్తపు సీరాన్ని, అంటే కణాలు తీసేయగా మిగిలే యాంటీబాడీలున్న ద్రవాన్ని, పాత నమూనాలోని వైరస్‌తో కలిపితే ఆ వైరస్ చస్తుంది. అదే సీరాన్ని ఈరోజు వైరస్‌తో కలిపితే దానికేమీ కాదు. వైరస్ ఎప్పుడూ ఒకడుగు ముందే.

చాలామందిలో కథ ఇంతటితో ఆగిపోతుంది. నూటికి పది నుంచి పాతిక మందిలో మాత్రం, రెండు మూడేళ్లు గడిచాక, సీరంలో ఒక కొత్త గుణం కనిపిస్తుంది. తన ఒంట్లోని వైరస్‌నే కాదు, ఎప్పుడూ చూడని వేరే దేశాల, వేరే ఉపజాతుల వైరస్‌లను కూడా ఆపేస్తుంది. మన దేశంలో ఎక్కువగా ఉండేది సీ రకం, అమెరికాలో బీ. రెండింటినీ పట్టుకునే యాంటీబాడీలు ఇవి. వీటినే విస్తృత తటస్థీకరణ యాంటీబాడీలు అంటారు. పేరు నోరు తిరగదు, కాబట్టి బాబాయిగారి దగ్గర "మాస్టర్ చెవి" అనేశాను.

వాటికి బలం ఎలా వచ్చిందన్నదే అసలు సంగతి. చాలామంది అనుకునేదేమిటంటే, ఈ కొద్దిమంది పుట్టుకతోనే ఏదో ప్రత్యేక శక్తి ఉన్నవాళ్లని. నాకు తెలిసినంతలో ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. 2013లో వచ్చిన ఒక పరిశోధన దీన్ని చక్కగా విప్పింది. ఆఫ్రికాకు చెందిన ఒక వ్యక్తిని, పరిశోధనలో సీహెచ్505 అన్న సంకేతంతోనే పిలుస్తారు, సోకిన కొద్ది వారాల్లోనే గుర్తించి సుమారు మూడేళ్ల పాటు క్రమం తప్పకుండా రక్తం తీశారు. ఆ నమూనాలన్నీ చదివి రెండు వంశవృక్షాలు గీశారు. ఒకటి వైరస్‌ది, ఒకటి యాంటీబాడీది. రెండింటినీ పక్కపక్కన పెడితే చదరంగం ఆట రాసిపెట్టిన కాగితంలా ఉంది. మొదటి యాంటీబాడీ, అంటే ఇంకా సానపట్టని ముత్తాత, ఒంట్లోకి మొదట వచ్చిన వైరస్‌ను బాగానే పట్టుకుంది. వైరస్ తప్పించుకుంది. తప్పించుకున్న రూపాలు ఒకటి కాదు, చాలా. ఆ రూపాలన్నింటి మధ్యా పడి బతకాల్సి వచ్చిన బీ కణాల సంతతిలో, ఏదో ఒక్క రూపానికి మాత్రమే సరిపోయేవి రాలిపోయాయి. అన్ని రూపాల్లోనూ మారకుండా ఉండే భాగాన్ని పట్టుకున్నవి మిగిలాయి. మూడేళ్లకు ఆ వంశం ప్రపంచంలోని వైరస్ రకాల్లో సగానికి పైగా ఆపే స్థాయికి చేరింది.

అంటే ఆ మాస్టర్ చెవికి పళ్లు కోసింది ఎవరో కాదు, తాళం మారుస్తూ పోయిన వైరస్సే. అది మారకపోయి ఉంటే ఈ యాంటీబాడీ మొదటి తాళానికే సరిపెట్టుకుని ఊరుకునేది.

ఇందులో ఇంకో మలుపు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అదే వ్యక్తిలో రెండో బీ కణ వంశం ఒకటి ఉందని మరుసటి ఏడాది తేలింది. ఇది వైరస్‌ను ఒకవైపు నుంచి ఒత్తితే, వైరస్ తప్పించుకోవడానికి వేసుకున్న కొత్త వేషాలు సరిగ్గా మొదటి వంశానికి బాగా దొరికేలా ఉన్నాయి. వలలు రెండు వేసి, ఒకదాని భయంతో చేప రెండోదాంట్లో పడేలా తోలడం మన జాలరులకు తెలిసిన పనే. ఇక్కడ తోలేవాడెవడూ లేడు, అయినా జరిగింది. ఆ తోడొచ్చిన వంశం కూడా ఊరుకోలేదు. మరికొన్నేళ్లకు తానే నూటికి తొంభై రకాలను ఆపే యాంటీబాడీగా ఎదిగింది.

బాబాయిగారికి నచ్చే ఉదాహరణ డర్బన్‌ది. దక్షిణాఫ్రికాలో హిందూ మహాసముద్రం ఒడ్డున మనలాగే పోర్టు నగరం. 1860 నుంచి చెరకు తోటల పనికి వెళ్లిన కూలీల్లో మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లూ ఉన్నారు, వాళ్ల మనవలు మునిమనవలు ఇప్పటికీ అక్కడ తెలుగు సంఘాలు నడుపుతున్నారు. ఆ డర్బన్‌లోని కాప్రిసా అనే పరిశోధన సంస్థ చూసుకుంటున్న మహిళల్లో ఒకరు, సంకేతం క్యాప్256. ఆమెకు మొదటి వైరస్ సోకిన కొన్ని నెలలకే వేరే హెచ్‌ఐవీ వైరస్ ఇంకొకటి కూడా సోకింది. ఆ రెండో వైరస్ మేకే ఒక అరుదైన బీ కణాన్ని నిద్రలేపింది. ఈ కణం యాంటీబాడీకి పుట్టుకతోనే ఒక పొడుగాటి వేలు ఉంది. మామూలుగా ఆ వేలులో పదిహేను వరకు అమైనో ఆమ్లాలు ఉంటాయి, దీంట్లో ముప్పై అయిదు. చక్కెర పూతలోంచి లోపలికి దూరి మేకు కొసను తాకగలిగేది అలాంటి వేలు మాత్రమే. అందుకే దీనికి సాన ఎక్కువ పట్టక్కర్లేకపోయింది, కొద్ది నెలల్లోనే విస్తృతి వచ్చింది.

పొడుగు వేలు అన్నాక ఆవుల ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆవుల యాంటీబాడీల్లో కొన్నింటికి ఆ వేలు అరవై దాకా ఉంటుంది. 2017లో పరిశోధకులు హెచ్‌ఐవీ మేకు నమూనాను నాలుగు ఆవులకు టీకాగా ఇచ్చారు. ఒక ఆవు సీరం 42 రోజులకే పరీక్షించిన రకాల్లో 20 శాతాన్ని, 381 రోజులకు 96 శాతాన్ని ఆపేసింది. మనిషికి ఏళ్లు పట్టేది, అదీ కొందరికే. ఆవుకు హెచ్‌ఐవీ రానే రాదు, మరి ఆ పొడుగు వేళ్లు దానికెందుకంటే, నాలుగు కడుపుల నిండా సూక్ష్మజీవులను పెట్టుకుని బతకడం వల్ల వచ్చి ఉంటాయని ఒక ఊహ. ఇది విని ఎవరూ ఆవు పాలు మందు అనుకోవద్దు. వాట్సాప్‌లో అలాంటిది రావడానికి ఎంతోసేపు పట్టదు కాబట్టి ముందే చెప్తున్నాను.

సరే, చెవి తాళంలో ఎక్కడ పడుతుంది? మేకు మీద అలాంటి చోట్లు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది వైరస్ మన సీడీ4ను పట్టుకునే గుంట. దాన్ని వైరస్ ఎక్కువగా మార్చలేదు, మారిస్తే కణంలోకి దూరలేదు. 2010లో వెలుగులోకి వచ్చిన వీఆర్‌సీ01 అనే యాంటీబాడీ సరిగ్గా అక్కడే, దాదాపు సీడీ4 ఎలా ఆనుతుందో అలాగే ఆనుతుంది. తొంభై శాతం రకాలను ఆపుతుంది. దాన్ని పట్టుకున్న తీరు గమ్మత్తుగా ఉంటుంది. మేకులో ఆ గుంట తప్ప మిగతా పైభాగమంతా మార్చేసిన ఒక ఎర తయారుచేసి, ఏళ్లుగా వైరస్‌తో ఉన్న ఒక అమెరికన్ రక్తంలో వేశారు. ఎరకు అంటుకున్న బీ కణాలను ఒక్కొక్కటిగా ఏరారు. వీఆర్‌సీ01 జన్యువు చదివితే పుట్టినప్పటి అక్షరాల్లో దాదాపు మూడో వంతు మారిపోయి ఉన్నాయి. మామూలు యాంటీబాడీల్లో ఆ మార్పు నూటికి అయిదు, పది. ఎన్ని వందల సార్లు బిళ్లలోకి వెళ్లి వచ్చిందో ఆ వంశం. ఆ మార్పుల్లో చాలావాటి అవసరమే లేదని తర్వాత తేలిందనుకోండి. గుడ్డిగా రాసే ఆకురాయి కదా, అక్కర్లేని చోటా రాస్తుంది.

మరి అందరిలో ఎందుకు పుట్టవు? కాలం, వైరస్ మోతాదు, దాని వైవిధ్యం ఇవన్నీ ఉన్నాయి. వాటికంటే ఆలోచింపజేసే కారణం మన ఒంట్లోనే ఉంది. పొడుగు వేళ్లున్న యాంటీబాడీలు, కొవ్వు పొరలకు అంటుకునే యాంటీబాడీలు మన సొంత కణాలనూ పట్టుకునే ప్రమాదం ఎక్కువ. అలాంటి బీ కణాలను శరీరం పుట్టుకలోనే ఏరి చంపేస్తుంది, లేదా నోరు నొక్కేస్తుంది. హెచ్‌ఐవీ మేకు అడుగున వైరస్ కొవ్వు పొరకు ఆనుకుని ఉండేచోటును పట్టుకునే యాంటీబాడీలు కొన్ని సరిగ్గా ఇలాంటివే. వైరస్ దాక్కున్నది మన ఆత్మరక్షణ నియమాల చాటున. లూపస్ అనే జబ్బులో శరీరం తన మీద తానే దాడి చేసుకుంటుంది, ఆ నియమాలు సడలి ఉంటాయి. లూపస్, హెచ్‌ఐవీ రెండూ ఉన్న ఒకరిలో ఇలాంటి విస్తృత యాంటీబాడీ దొరికింది. ఒక్కరి సంగతే, దాని మీద సిద్ధాంతం కట్టలేం. కానీ తలుపు ఎటువైపు ఉందో చూపిస్తుంది.

ఇంతసేపూ బాబాయిగారి మొదటి ప్రశ్న అలాగే ఉంది. పుట్టినవాళ్లకి జబ్బెందుకు పోదు? మాస్టర్ చెవి తయారయ్యేసరికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. అప్పటికి వైరస్ తన జన్యువును మన కణాల డీఎన్ఏలో కలిపేసి నిద్రపోతూ ఉంటుంది. కణం బయట తిరిగే వైరస్‌ను యాంటీబాడీ పట్టగలదు, డీఎన్ఏలో కలిసిపోయినదాన్ని కాదు. బయట తిరిగేది కూడా ఆ చెవి పళ్లు కోసుకుంటున్నంతసేపూ దాన్ని చూస్తూనే పెరిగింది. దాన్ని తప్పించుకోవడం దానికి అలవాటైపోయి ఉంటుంది. ఆ చెవితో లోకంలో ఎవరి తాళమైనా తెరుచుకోవచ్చు, చేసినవాడి తాళం తప్ప.

రెండో ప్రశ్న, తీసి ఎక్కించడం. అది చేసి చూశారు. ఆఫ్రికా, అమెరికా ఖండాలు, స్విట్జర్లాండ్‌లో కలిపి 4,600 మందికి పైగా జరిగిన రెండు పరీక్షల్లో, హెచ్‌ఐవీ లేనివాళ్లకు వీఆర్‌సీ01ను గానీ ఉత్తుత్తి మందును గానీ ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే సోకినవాళ్ల సంఖ్య చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయితే ఆ యాంటీబాడీకి తేలిగ్గా లొంగే రకాల విషయంలో మాత్రం రక్షణ దాదాపు 75 శాతం. ప్రయోగశాల గాజు గొట్టంలో తొంభై శాతం రకాలను ఆపినది, మనిషిలో చాలినంత బలంగా ఆపగలిగింది కొన్నింటినే. పత్రికలు దీన్ని ఓటమి అని రాశాయి. నా దృష్టిలో కాదు. యాంటీబాడీ ఉంటే హెచ్‌ఐవీ మనిషికి సోకకుండా ఆగుతుందని మనుషుల్లో రుజువైంది అప్పుడే. ఒక్క చెవి చాలదు, గుత్తి కావాలని కూడా తెలిసింది. ఇప్పుడు రెండు మూడు యాంటీబాడీలు కలిపి, ఒంట్లో ఎక్కువకాలం నిలిచేలా మార్చి ఇచ్చే ప్రయత్నాలు నడుస్తున్నాయి.

చెవిని బయట చేసి ఇవ్వడం ఖరీదైన వ్యవహారం. మన బిళ్లల్లోనే చేయించగలిగితే అది టీకా. ఇక్కడే ఇంతవరకు చెప్పిన కథంతా పనికొస్తుంది. మామూలు టీకా అంటే క్రిమి ముక్క చూపిస్తాం, శరీరం నేర్చుకుంటుంది. హెచ్‌ఐవీ మేకును నేరుగా చూపిస్తే వీఆర్‌సీ01 లాంటివాటి ముత్తాత కణాలు దాన్ని పట్టుకోను కూడా పట్టుకోవు. చివరి తాళం చూపించి మొదటి చెవిని లేపలేం. అందుకని అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో విలియం షీఫ్ బృందం తిరగదోడింది. మాస్టర్ చెవి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ దాని ముత్తాతను ఊహించి, ఆ ముత్తాతకు మాత్రమే సరిపోయే ఒక తేలిక తాళాన్ని కంప్యూటర్‌లో తయారుచేశారు. ఆ తాళాలను అరవై చొప్పున ఒక్కో సూక్ష్మమైన బంతి మీద అమర్చి ఇచ్చారు. ఆ ముత్తాత కణాలు మన రక్తంలో లక్షల్లో ఒకటి ఉంటాయి. 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం టీకా వేసుకున్న 36 మందిలో 35 మందికి అవి లేచాయి. లేవని ఆ ఒక్కరికి కావలసిన జన్యు ముక్క పుట్టుకతోనే లేదు.

టీకా పరిశోధనలో 36కి 35 రావడం చూడని సంగతి. థాయ్‌లాండ్‌లో 16,000 మందికి పైగా జరిగి 2009లో ఫలితాలు వచ్చిన పరీక్షలో రక్షణ 31 శాతం దగ్గర ఆగింది, తర్వాత వచ్చిన పెద్ద పరీక్షలు ఒకదాని వెనక ఒకటి మధ్యలోనే ఆపేశారు. అయినా తొందరపడకూడదు. ఈ 35 మందిలో లేచింది పళ్లు కొయ్యని చెవి మాత్రమే, హెచ్‌ఐవీని ఆపేది ఇంకా కాదు. దీన్ని కాస్త కష్టమైన రెండో తాళంతో, ఇంకా కష్టమైన మూడో తాళంతో సానపట్టాలి. సీహెచ్505 ఒంట్లో వైరస్ మూడేళ్లు చేసిన పనిని సూదుల వరసతో చేయించాలి. ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతిలో, అంటే తాళాన్ని కాకుండా దాన్ని మన కణాలే తయారుచేసుకునే సందేశాన్ని ఇచ్చే పద్ధతిలో, మొదటి, రెండో మెట్లను అమెరికాలో, మొదటి మెట్టును రువాండా, దక్షిణాఫ్రికాల్లో పరీక్షించి 2025లో ఫలితాలు చెప్పారు. సాన సరైన దిక్కుకే పడుతోంది. కొందరికి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి, అది తేల్చుకోవలసిన సమస్య.

పిల్లల విషయంలో మాత్రం ఆశ కాస్త ఎక్కువ. నైరోబీలో వైరస్ సోకిన ఒక పసిబిడ్డలో ఏడాది తిరిగేసరికే విస్తృత యాంటీబాడీ పుట్టింది, అదీ చాలా తక్కువ మార్పులతో. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు కూడా మన సీ రకం వైరస్‌తో పుట్టిన పిల్లల్లో ఇలాంటి యాంటీబాడీలను గుర్తించి వేరుచేశారు. పెద్దవాళ్ల కంటే పిల్లల రోగనిరోధక వ్యవస్థ దగ్గరి దారి ఎలా పట్టుకుంటోందన్నది తెలిస్తే మెట్లు తగ్గుతాయి. ఆవులకిచ్చిన మేకు నమూనా కూడా ఆరువారాల కెన్యా బిడ్డ ఒంట్లోని వైరస్ నుంచి వచ్చినదే.

"అయిపోనాదమ్మా" అన్నాడు తాళాలతను. చెవి తిరిగింది, తలుపు తెరుచుకుంది. నేను డబ్బులు తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి బాబాయిగారు కుర్చీలు మడుస్తూ ఇంకా అదే ఆలోచనలో ఉన్నారు. "ఆ ఆఫ్రికా మనిషిని, ఆ డర్బన్ ఆవిణ్ని అన్నేళ్లు పరీక్షిస్తే కదా ఇదంతా తెలిసింది. ఇప్పుడూ అలాంటివాళ్లు దొరుకుతారా?"

దొరకరు, దొరక్కూడదు కూడా. అప్పట్లో సీడీ4 కణాలు ఒక స్థాయి కిందికి పడిపోతేనే మందులు మొదలుపెట్టేవారు, ఈలోపు వైరస్, యాంటీబాడీ ఒకదాన్నొకటి తరుముకునేందుకు ఏళ్లు దొరికేవి. మన దేశంలో 2004 నుంచి హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు ఉచితం. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ అని తేలితే సీడీ4 లెక్కతో పనిలేకుండా మొదలుపెట్టాలన్నది విధానం. మన విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలోనూ అంతే. మందు క్రమం తప్పకుండా వేసుకుంటే వైరస్ రక్తంలో కనిపించనంత తగ్గిపోతుంది, శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదు, మనిషి నిండు ఆయుష్షు బతుకుతాడు. బిళ్లలో సానపట్టడానికి తాళమే ఉండదు కాబట్టి ఆ యాంటీబాడీ వంశం కూడా సాధారణంగా అక్కడితో ఆగుతుంది. ఇక శాస్త్రవేత్తల దగ్గర మిగిలింది ఆ రోజుల్లో ఆ మనుషులు మళ్లీ మళ్లీ వచ్చి ఇచ్చిన రక్తం, చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి దాచినది. ఇప్పటికీ వాటినే కరిగించి చదువుతున్నారు.